బావ ఆగిన చోటు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు తిక్క లేస్తుంది. ఇది నా రెండు చెవులతో నేను విన్నది... తాగి లేను, జ్వరం లేదు. మా అవ్వ మీద ఒట్టు.

మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం పైన నాకో చిన్న రికార్డింగ్ గది ఉంది. పెళ్లిళ్లకు కీబోర్డు వాయిస్తాను, ఖాళీ దొరికితే పాటలు కడతాను. అర్ధరాత్రి ఒంటరిగా బండి మీద ఎన్ని ఊళ్లు తిరిగానో! దయ్యం ఎదురైతే దాన్నే బీడీ అడిగే రకం నేను.

మా అక్క భర్త, మా బావ, జనగామలో తత్వశాస్త్రం చెప్పే లెక్చరర్. మొన్న ఎండాకాలం... పోయాడు. గుండె. అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే. అంతకు కొన్నాళ్ల ముందు భూపాలపల్లిలో కాలేజీ పిల్లలకు మాట్లాడితే, ఎవరో ఫోన్‌లో రికార్డు చేసి పంపారు. ఇక అక్కకు అదే లోకం. పొద్దంతా అదే, రాత్రంతా అదే. ఫోన్ చెవి కింద పెట్టుకొని పడుకుంటుంది కానీ నిద్రపోదు. మనిషి సగమైపోయింది.

ఒకరోజు తనే అడిగింది.

"తమ్మీ, మీ బావ మాటకు జర సంగీతం కట్టియ్యి. ఒట్టి గొంతు ఇంటుంటె... గిప్పుడే లేసొస్తడేమో అనిపిస్తాంది. పాటైతె ఒకకాడ అయిపోతది గద."

ఎట్లాగైనా అక్క నిద్రపోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఎక్కడి బాణీనీ ఎత్తుకురాలేదు, కొత్తగా కట్టాను. బావ మాట్లాడుతుంటే సన్నగా ఒక్క స్వరం పట్టుకోవాలి, ఆయన ఆగిన చోట చిన్న ముక్క వాయించాలి. మాటలను మాత్రం కోయలేదు, జరపలేదు. చేతులు రాలేదు.

ఆ రాత్రి కింద షట్టర్లన్నీ పడ్డాయి. కుక్కలు కూడా అరవడం లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకొని రికార్డింగ్ మొదలుపెట్టాను. బావ గొంతు. వెనకాల ఆ క్లాసులో ఫ్యాను... కిర్ర్... కిర్ర్...

"మన నడుమ లేనోడు మనల్ని ఏడిపిస్తడు పిల్లలూ. మరి ఏడిపించేటోడు... లేనోడు ఎట్లైతడు?"

ఇక్కడ ఆగుతాడు. ఎవడో పిల్లాడు దగ్గుతాడు. వెంటనే "సరే, ఇనుండ్రి" అంటాడు. ఊపిరి పీల్చి వదిలేంత సందు, అంతే. నాకు కంఠతా వచ్చు.

పిల్లాడు దగ్గాడు. నేను వాయించాను...

కానీ ఆగలేకపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. బాణీ ఎటో పోతోంది. బావ మాటకు అడ్డం పడతానని తెలుస్తూనే ఉంది. అయినా వాయిస్తున్నాను...

బావ గొంతు రాలేదు.

కిర్ర్... కిర్ర్... ఫ్యాను తిరుగుతోంది. కంప్యూటర్ తెర మీద, రికార్డు నడుస్తోందని చూపే గీత కదులుతూనే ఉంది. ఇంకా వాయించాను. రాలేదు. ఆపితే ఏమవుతుందో... ఆపకపోతే ఏమవుతుందో...

ఎవరో నా పాట వింటున్నారు. ఎట్లా తెలిసిందని అడగకండి. తెలిసింది.

చివరికి ఎట్లాగో సా మీదికి వచ్చి వేలు ఎత్తాను. ఏమీ లేదు... ఏమీ లేదు... తర్వాత సన్నగా ఒక ఊపిరి...

"సరే... ఇనుండ్రి."

హెడ్‌ఫోన్ ఎక్కడ విసిరానో, మెట్లు ఎట్లా దిగానో గుర్తు లేదు. తెల్లారేదాకా దుకాణం అరుగు మీదే కూర్చున్నాను.

పొద్దున బావ రికార్డు ఒక్కటే పెట్టి విన్నాను. సందు ఎప్పటిలాగే చిన్నది! నేను వాయించింది మాత్రం అంత పొడుగు. రాత్రి రెండూ కలిసి ఎక్కింది పెడితే... నా పాట అయిపోయాకే ఆయన మాట వస్తోంది. కంప్యూటర్ ఇరుక్కుందేమో. ఏడుస్తూ నేనే ఏదో నొక్కానేమో. ఏమో!

జనగామ వెళ్లి అక్కకు వినిపించాను. బావ మాటలకు ఆమె కూడా పెదాలు కదుపుతోంది. ఆ చోటు రాగానే "సరే" అనబోయి... ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

"నడుమ నువ్వు సాగదీసినవా తమ్మీ?"

నిజం నోటిదాకా వచ్చింది. కానీ చెబితే... ఇక జన్మలో ఆ ఫోన్ కింద పెట్టదు. ప్రతి సందులో ఆయన్ని వెతుక్కుంటూ కూర్చుంటుంది.

"ఆ అక్కా... నేనే సాగదీసిన."

"మంచిగున్నది."

చివరిదాకా విన్నది. వెక్కి వెక్కి ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇగ సాలు, జరసేపు పండుకుంట" అంటూ చాప మీద ఒరిగింది. పొద్దుగూకేదాకా లేవలేదు. ఇప్పుడు రోజూ బాగానే నిద్రపోతోంది.

నాకే పట్టడం లేదు. దుకాణాలు మూశాక బావ పాత రికార్డు ఒక్కటే పెడతాను. ఆ చోట ఆపకుండా వాయిస్తాను. ప్రతిసారీ బావ నా పాటకు అడ్డం వచ్చి మాట్లాడేస్తున్నాడు. ఒక్కసారి ఆగు బావా అని బతిమాలుతాను... ఆగడు.

మరి ఆ రాత్రి ఎవరు ఆగారో... మీకేమైనా తోస్తే నాకు చెప్పండి. అక్కకు మాత్రం చెప్పకండి.