ఆదివారం చూడని ప్లేటు

ల్యాబులో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ గులాబీ అక్కే. మామూలు పేగు క్రిములు, వాటిని పెంచే ప్లేటు మీద గులాబీ చుక్కలుగా పెరుగుతాయి. విషం కక్కే రకం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంటుంది. వంద గులాబీ చుక్కల మధ్య ఒక్క తెల్లచుక్క నక్కినా అక్క కంట పడాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఆ కళ్లకు తిరుగులేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

ఆ ప్లేటుకో పేచీ ఉంది. వెచ్చని పెట్టెలో పెట్టిన మర్నాడే చూడాలి. ఆలస్యమైతే విషపు రకం కూడా మెల్లగా రంగు పట్టి మామూలువాటిలో కలిసిపోతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ అక్క చెవినిల్లు కట్టుకుని చెప్పే పాఠం ఇదే.

ఆ శనివారం సాయంత్రం కుండపోత వాన. తలుపులు మూసే వేళకు ఒకావిడ పరుగున వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. నాలుగేళ్ల కూతురికి రెండు రోజులుగా నెత్తురు విరేచనాలట. తను నిలువునా తడిసి ముద్దయింది గాని, నమూనా డబ్బా మీద ఒక్క నీటిబొట్టు లేదు. సంచిలో చుట్టి పొట్టకు హత్తుకుని తెచ్చింది.

అక్క ఆ నమూనాను ప్లేటు మీద గీతలుగా పూసి పెట్టెలో పెట్టింది. ఆదివారం డ్యూటీ తనదే. పొద్దున కిటికీ తీస్తే అదే వాన. 'రేపు చూస్తే కొంపలేం మునిగిపోవులే' అనుకుని మళ్లీ ముసుగుతన్ని పడుకుంది.

సోమవారం చూస్తే అన్నీ గులాబీ చుక్కలే. ఇంకొకరైతే మళ్లీ కొత్త ప్లేటు వేసేవాళ్లు. అక్క మాత్రం 'నా కళ్లు నన్ను మోసం చేస్తాయా' అనుకుని, ప్రమాదకర రకం కనిపించలేదని రాసి సంతకం గీకేసింది. ఎన్ని గంటలకు చూశారో రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. తప్పని తెలియకపోతే ఎందుకు వదులుతుంది చెప్పండి!

ఆ కాగితం నమ్మి డాక్టరు గట్టి మందు రాశాడు. అది పడితే ఆ రకం క్రిమి చస్తూ చస్తూ ఇంకా విషం కక్కే ప్రమాదం ఉంది. బుధవారానికి పాపకు మూత్రం ఆగిపోయింది.

గురువారం పెద్దాసుపత్రి నుంచి, పాప కిడ్నీలు దెబ్బతిన్నాయని ఫోను వచ్చింది. ల్యాబు పెద్ద మేడం, ఫ్రిజ్‌లో మిగిలిన ఆ నమూనానే మళ్లీ వేయించింది. శుక్రవారం పొద్దున ప్లేటు నిండా తెల్లచుక్కలు! విషం పరీక్షలోనూ అదే తేలింది. వెంటనే ఫోన్ చేసి ఆ మందు ఆపించారు.

"మొదటిసారి క్రిమి ఒక్కోసారి దొరకదక్కా. అలాగే రాసేద్దాం. ఇన్నేళ్ల పేరు ఎందుకు పోగొట్టుకుంటారు?" అంది మేడం.

"పాప కిడ్నీలు పోతుంటే నా పేరేం చేసుకోను మేడం?" అని అక్క రిజిస్టరు తీసి, ఖాళీ గడిలో 'నలభై గంటల తర్వాత' అని రాసింది. రాసి ఆసుపత్రికి బయల్దేరింది.

కిడ్నీ మిషన్ గది బయట బెంచీ మీద కూర్చున్న తల్లి ఆవిడని చూడగానే లేచి నిలబడింది. "మీరా అమ్మా! మూసే వేళైనా ఆ రోజు డబ్బా తీసుకున్నారు. మీ మేలు మర్చిపోను" అంది.

అక్కకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నిలబడే అంతా చెప్పేసింది. ప్లేటు సంగతి, ఆలస్యం సంగతి, సంతకం సంగతి. లోపల మిషన్ గురగురమంటూనే ఉంది. ఎన్నాళ్లు పెట్టాలో చెప్పలేమన్నారట.

"మరి ఆదివారం ఎందుకు రాలేదు?" అడిగింది తల్లి.

జ్వరమనీ, బస్సుల్లేవనీ దారి పొడవునా కూర్చుకున్న మాటలేవీ అక్క నోట్లోంచి రాలేదు. "వాన పడుతోందని" అంది.



"నేను ఆ వానలోనే కదమ్మా వచ్చాను."