మా నాయనకు నేనిచ్చిన ఈత కోచింగు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక తెలిసినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టగలను గానీ, అప్పట్లో ఎవరేమడిగినా జవాబు సిద్ధంగా ఉండేది. హిందూపురంలో కండలు పెంచే పొడులూ మాత్రలూ అమ్మే ఒక దుకాణంలో కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం నాది. డబ్బాల మీది బొమ్మలు రోజూ చూసి చూసి ఆ కండలన్నీ నావేనన్నంత ధీమా వచ్చేసింది. (నిజానికి నేనెంత బక్కగా ఉండేవాడినంటే, మా ఓనరు నన్ను కౌంటరు దాటి రానిచ్చేవాడు కాదు. "నువ్వు బయటికొస్తే గిరాకీ పోతాదప్పా, ఆడే ఉండు" అనేవాడు.) అలాంటి నేను, మోకాలి లోతు మించి నీళ్లలో దిగి ఎరగని నేను, అరవై దాటిన మా నాయనకు ఈత కోచ్‌గా అవతారమెత్తాను. తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది కూడా.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నెమ్మదస్తుడు. ఆయనతో నాకున్న తగవల్లా ఒక్కటే, ఏ పనిలోనైనా ఆయన చివర ఉంటాడు. రేషను షాపు దగ్గర ముందే పోయి నిలబడి కూడా, వెనకొచ్చిన వాళ్లందరినీ ముందుకు పంపేవాడు. బస్సొస్తే అందరూ ఎక్కాక ఎక్కుదామనుకునేవాడు, అప్పటికది కదిలిపోయేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు పెనుకొండలో ఒక పెళ్లికి పోయాం. పంక్తి తర్వాత పంక్తి లేస్తోంది, నేను ఆకలికి తాళలేక ఆయన చొక్కా పట్టి లాగుతున్నాను, ఆయనేమో "అందరిదీ కానీప్పా" అంటూ నిలబడ్డాడు. మా వంతు వచ్చేసరికి చారన్నమూ అప్పడం ముక్కలూ మిగిలాయి. లడ్లు చేత్తో పట్టుకుని తిరుగుతున్న పిల్లల్ని చూస్తూ తిన్న ఆ చారన్నం చాలా ఏళ్లు నా గొంతులోనే ఉండిపోయింది. ఇలాంటి మనిషికి కొడుకునైనందుకు ఆ వయసులో సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆయన రాజులా ఉండే చోటు ఒకటుండేది. ఊరి బయట ఒక రైతు బావి. ఆదివారమొస్తే మా వీధి పిల్లల్ని వెంటబెట్టుకుపోయి, వీపులకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి, ఒక్కొక్కరినే నీళ్లలో వదిలేవాడు. తాను బావి గోడ వెంబడి ఎడమ వైపుగా, తల నీళ్లపైకి ఎత్తి, గుండ్రంగా ఈదుతూ ఉండేవాడు. వీధిలో ఆయన దగ్గర ఈత నేర్వనిది నేనొక్కడినే. నాకు నీళ్లంటే భయం. ఆయనా రమ్మని ఒక్కసారైనా అనలేదు. తర్వాత చుట్టూ బోర్లు పడ్డాయి, బావి ఎండిపోయింది. ఇంకొన్నాళ్లకు అమ్మ పోయింది. ఆ ఏడాదే ఆయన కుడి భుజం పట్టేసి మగ్గం ఆగిపోతే, హిందూపురంలో నా గదికి తెచ్చుకున్నాను. భుజానికి ఈత మంచిదని డాక్టరన్నాడు. ఊళ్లో కొత్తగా ఒక ఈతకొలను పెట్టారు, తీసుకుపోయాను. ఎన్నో ఏళ్ల తర్వాత నీళ్లలో దిగిన ఆయన ముఖం చూసి, అమ్మ పోయాక ఈయన నవ్వడం ఇదే మొదటిసారి కదా అనుకున్నాను.

ఆ కొలను గోడ మీదే కాగితం అంటించి ఉంది. అరవై దాటినవాళ్లకు ఈత పోటీ, పోయి రావడం, అంతే. అది చదవగానే నా మనసులో ఒక కోరిక పుట్టి కూర్చుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మా నాయన అందరికంటే ముందుండడం నేను చూడాలి.

ఇక చూడండి నా కోచింగు. దుకాణం కంప్యూటర్లో ముసలి ఈతగాళ్ల వీడియోలు చూసి, కాగితం మీద రాసుకుని, పొద్దున్నే గట్టు మీద నిలబడి చదివేవాడిని. వయసైనవాళ్లు కాళ్లు ఎక్కువ ఆడించి అలిసిపోకూడదు. భుజం ఒక్కటే తిప్పకుండా ఒళ్లంతా వాల్చాలి, అప్పుడు కీలు మీద భారం పడదు. తల నీళ్లలో ఉండాలి, ఊపిరికి మాత్రం పక్కకు తిప్పాలి. "తల కింద పెట్టు నాయనా, తల ఎత్తితే నడుము మునుగుతాది, స్పీడు తగ్గుతాది" అని నేనరిస్తే, "అట్లేలేప్పా" అని తల ముంచేవాడు. రెండు బారలు వేసేసరికి తల మళ్లీ పైన ఉండేది. అటూ ఇటూ చూసేవాడు. పైగా నలభై ఏళ్లు గుండ్రటి బావిలో తిరిగిన ఒళ్లేమో, ఎడమ వైపుకు వాలి వాలి పోయి వరుసల మధ్య కట్టిన తాడుకు గుద్దుకునేవాడు. పక్క వరుసలో ఈదే పెనుకొండ పీటీ సారు (రిటైరైనా ఆ పేరే నిలిచింది) "ఏమప్పా, మా ఇంటికి వస్తాండావా?" అని నవ్వేవాడు.

పొడుల సంగతి ఇంకో భాగోతం. కండకు ప్రొటీను పొడి, కీళ్లకు చేపనూనె మాత్రలు, ఎముకకు కాల్షియం, అన్నీ పట్టీ రాసి గోడకు అంటించాను. చేపనూనె మాత్రను శనివారం ముట్టడు. "ఈపొద్దు శనివారమప్పా, నీసు తినకూడదు" అంటాడు. సోమవారం కూడా అంతే. ఇక ప్రొటీను పొడి డబ్బా ఎనిమిది రోజుల్లో ఖాళీ అయింది. నెలకు రావాల్సిన డబ్బా అది. ఇంత తింటే కిడ్నీలేమవుతాయోనని, ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా గదికి పోయాను. వరండాలో వీధి పిల్లలందరూ గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. మా నాయన పాలలో చాక్లెట్ పొడి కలిపి ఒక్కొక్కరికే పోస్తున్నాడు.

"నువ్వు తాగితివా?" అన్నాను కోపంగా.

"అందరూ తాగినాక అడుగున మిగిలేది నేను తాగుతాండాలే. బాగుండాదప్పా."

పోటీ రోజు నలుగురు దిగారు. ఇంత చెప్పాక మీరు నమ్మరు గానీ, ఆ పొద్దు మా నాయన అద్భుతంగా ఈదాడు. మగ్గం మీద నలభై ఏళ్లు ఆడిన చేతులవి. మొదటి సగం నేను చెప్పినట్టే తల ముంచి, తిన్నగా, ఒక్కసారి కూడా తాడుకు తగలకుండా పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పీటీ సారు కంటే ఇద్దరు మనుషుల పొడవంత ముందున్నాడు. నేను గట్టు మీద గంతులేస్తున్నాను. మా ఓనరు కూడా అరుస్తున్నాడు. గోడకు ఇంకొక్క బార ఉందనగా మా నాయన ఆగాడు. తల ఎత్తాడు. వెనక్కి తిరిగి, ఉన్నచోటనే నీళ్లు తొక్కుతూ, వచ్చేవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. పీటీ సారు గోడ తాకాడు. రెండోవాడు తాకాడు. మూడో ఆయన, పాపం ఊబకాయం, రొప్పుతూ రొప్పుతూ వచ్చి తాకాడు. అప్పుడు మా నాయన నింపాదిగా ఒక బార వేసి గోడ తాకాడు. మిగతా ముగ్గురికీ మెడలో పతకాలు వేశారు. మా నాయనకు పాల్గొన్నందుకు ఒక తువ్వాలు ఇచ్చారు.

ఆ సాయంత్రమే, మూసిపెట్టిన ఇల్లు చూసి రావడానికి ధర్మవరం ప్యాసింజరు ఎక్కాం. పెనుకొండ దాటాక నోరు జారాను. "నీకు ముందుండడం చేతకాదు నాయనా. నీ వెనకనే నిలబడి నిలబడి నా బతుకు కూడా ఇట్లే అయింది." ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నాకొక చెల్లెలుండె. నీకు అత్త అయ్యేది. ఎనిమిదేండ్లు దానికి. ఆ బావికే, ఈత నేర్పిస్తానని నేనే పిల్చుకపోతి. ఇంకా శానామంది పిల్లోల్లుండిరి నీళ్లలో. నాకు ఆకలైతాంటే అందరికంటే ముందు గట్టెక్కి ఇంటికి పరిగెత్తితి. వెనక్కి తిరిగి చూడలే. సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మా అమ్మ అడిగె, పాప యాడరా అని."

ఆయన నా వైపు తిరిగాడు. "అప్పట్నుంచి ముందు పోయేకి కాళ్లు రావప్పా. నీళ్లలో ఎవరన్నా ఉండారంటే గోడ తాకేకి చెయ్యి రాదు."

"మరి నాకేంటికి నేర్పలేదు?"

"నీకు భయముండె. నాకు అంతకంటే భయముండె."

అన్నం వరుసలూ, రేషను వరుసలూ, పోగొట్టుకున్న బస్సులూ అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. ఇన్నేళ్లు నేను కోపగించుకున్నది ఎనిమిదేళ్ల ఒక పిల్ల కోసం నిలబడిపోయిన మనిషి మీద. ఏడ్చాను. ఆయన సంచిలోంచి ఆ గెలుచుకున్న తువ్వాలు తీసి ఇచ్చాడు. "తుడుచుకో. కొత్తది, ఇంకా ఎవరూ వాడలేదు" అన్నాడు.

మరుసటి వారం నుంచి నేను ఆయన దగ్గర ఈత నేర్చుకున్నాను. నా పొట్ట కింద చెయ్యి పెట్టి, నేను గోడ తాకేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు. ఎనిమిదేళ్ల పిల్లల ముందు ఆ వయసులో అలా నేర్వడం ఎంత అవమానమో చెప్పలేను, అంత సుఖమూ చెప్పలేను.

భుజం కుదుటపడ్డాక నాయన మళ్లీ ధర్మవరం పోయి మగ్గమెక్కాడు. నాలుగేళ్ల క్రితం, ఒక పొద్దున, ఆ మగ్గం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అందరి వెనకా ఉండే మనిషి ఆ ఒక్కదాంట్లో మాత్రం నన్ను అడగకుండా ముందు పోయాడు. పెద్దదినం నాడు ఊరందరికీ భోజనాలు పెట్టి, చివరి పంక్తిలో కూర్చున్నాను. చారన్నం మిగిలింది. ఈసారి గొంతు దిగింది.

ఇప్పుడు నేను కూడా వెటరన్ల కిందికి వస్తానట. మొన్న ఆ కొలను దగ్గర కొత్త కోచ్, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, గట్టు మీద నిలబడి అరిచాడు. "అంకుల్, తల నీళ్లలో పెట్టండి, నడుము మునిగిపోతాంది. మోకాళ్లకు చేపనూనె వేసుకుంటాండారా లేదా?" వాడి బక్క చేతులూ, ఆ ధీమా చూస్తే నవ్వొచ్చింది. నాకు బాగా తెలిసినవాడే అనిపించింది.

"అట్లేలేప్పా" అన్నాను.

తల ముంచి రెండు బారలు వేశాను. తర్వాత ఎత్తి చూశాను. నీళ్లలో ఇంకా ఆరుగురున్నారు. ఆరుగురూ ఎక్కేదాకా ఆగి, నేనూ గట్టెక్కాను.