మా నాయన గట్టి చేయించిన సైకిల్

మా ఇంట్లో కొత్త సైకిల్ ముందు వెల్డింగ్ షాపుకు పోయి, ఆ తర్వాతే ఇంటికి వస్తుంది. మేకలకు మేత మోపులు మోయాలి కాబట్టి, ఫ్రేముకు ఒక ఇనప రాడ్డన్నా ఎక్కువ అతికిస్తే గాని మా నాయనకు నిద్ర పట్టదు.

నేను మాత్రం ఉదయగిరి కొండ దారిలో తొక్కడానికని మౌంటెన్ బైక్ కొన్నాను. సన్నటి ఉక్కు పైపుల ఫ్రేము. రాయి మీదికెక్కితే కాస్త వంగి, ఆ దెబ్బ సగం తనే మింగేస్తుంది. నేను ఏరి కొన్నదే అందుకు. నాయన పెడల్ మీద కాలేసి నొక్కి చూసినాడు.

"ఏందిరా, ఊగతా ఉండాది? నిన్ను బాగా మోసం చేసినారు."

ఊగాలనే అట్లా చేసినారని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. నేను పనికి పోయినప్పుడు, ఉదయగిరి వెల్డింగ్ మీద నమ్మకం లేక, దాన్ని బస్సు టాపు మీద ఆత్మకూరు దాకా తీసుకుపోయి రెండు రాడ్లు అతికించుకొచ్చినాడు. మా బావ ఫ్రేము మీద ఎక్కి నిలబడి మరీ మెచ్చుకున్నాడు.

ఆ ఆదివారం కొండ దారిలో ప్రతి గులకరాయీ నేరుగా నా నడుంలోకి వచ్చింది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, తిట్టడానికి కూడా నోరు తిరగలేదు. ఇంటికొచ్చి, "నువ్వే తొక్కి చూడు నాయనా" అన్నాను.

ఆయన వీధి చివరిదాకా తొక్కి, సైకిల్‌ను నడిపించుకుంటూ వెనక్కి వచ్చినాడు. "చూసినావా, ఇప్పుడెంత గట్టిగా ఉండాదో!" అని దాన్ని గోడకు ఆనించినాడు. తర్వాత మేతకని తన పాత సైకిలెక్కి పోయినాడు. దాని సీటు కింద రెండు లావుపాటి స్ప్రింగులు హాయిగా ఊగుతా ఉండాయి.