కదలని ఎడమ బొటనవేలు

మొన్న గుంటూరులో ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్తే, అద్దం వెనక నుంచి ఒక అమ్మాయి "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి మేడమ్" అంది. పీల్చాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కదా, బకెట్ పిడి లేచినట్టు పక్కటెముకలు పైకీ పక్కలకీ లేవడం గమనించుకుంటూ నిలబడిపోయాను. "ఇక వదలండి" అని పాపం ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నా మనసు అప్పటికే మా మేనత్త మీదికి పోయింది.

పెదకాకాని దగ్గర మా ఊళ్ళో ఆమె మాతోనే ఉండేది. మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, పక్కవాళ్ళ ఏరుడుకు వంకలు పెడుతూ పొద్దుగూకేదాకా అక్కడే. ఆ రోజుల్లో ఊరంతా దగ్గుతుంది. దగ్గినవాళ్ళకు మంచినీళ్ళిస్తాం తప్ప ఎందుకు దగ్గుతున్నావని అడగం. అడిగితే నవ్వుతారు.

నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. మర్నాడు శ్వాసక్రియ పాఠం. ఊపిరి వెళ్ళి ఛాతీని ఉబ్బించదనీ, ఎముకలు లేచి చోటిస్తేనే ఊపిరి లోపలికి వస్తుందనీ చేతులతో చూపించాలని నా ఉబలాటం. అత్తను పీట మీద కూర్చోబెట్టి, వెనక నుంచి రెండు అరచేతులూ పక్కటెముకల మీద వేసి, బొటనవేళ్ళు వెన్నెముక దగ్గర కలిపాను. పీల్చమన్నాను. కుడి బొటనవేలు పక్కకు జరిగింది. ఎడమది ఉన్నచోటే ఉంది. మళ్ళీ పీల్చమంటే మళ్ళీ అంతే.

"సరిగ్గా పీల్చత్తా, నా పాఠం చెడగొడుతున్నావు" అని విసుక్కున్నాను.

"పీలుస్తూనే ఉన్నా కదే! పొద్దస్తమానం మిరపకాయల్లో కూర్చున్నదాన్ని, ఇంకెట్టా పీల్చమంటావ్?" అంది.

నాకూ నిజమే అనిపించింది. ఆమెను లేపి మా అమ్మను కూర్చోబెట్టాను. అమ్మ వీపు మీద వేళ్ళు రెండూ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. మర్నాడు పాఠం బ్రహ్మాండంగా కుదిరింది, హెడ్మాస్టరుగారు మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కాయలు గోతం టిక్కీలకెత్తి మిర్చి యార్డుకు తోలేశాక ఊరి దగ్గు తగ్గింది. అత్తది తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్తే, డాక్టరుగారు ముందుగా చేసిన పని ఆమె వెనక నిలబడి అచ్చం నాలాగే చేతులు వేయడం. "ఈ పక్క ఎన్నాళ్ళ నుంచి కదలట్లేదమ్మా?" అని అడిగారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టి, చీము చేరి, గట్టిపడిపోయిందట. మొదట్లోనే వచ్చుంటే సూదితో తీసేసేవాళ్ళమన్నారు. అత్త నా వైపు ఒకసారి చూసి, "మిరపకాయల ఘాటనుకున్నానండీ" అంది. నా తప్పును కూడా తన మీదే వేసుకుంది. మళ్ళీ కాయ కల్లానికి రాకముందే పోయింది.

నా ఎక్స్‌రే బాగానే ఉందట. ఆ రోజు ఆమెను పీట మీద నుంచి లేపడానికి నాకు అరనిమిషం పట్టలేదు. ఆ అరనిమిషం గడవడానికి మాత్రం ఇన్నేళ్ళూ చాల్లేదు.