చెక్కకి మేకప్

"పాటే రాని పెట్టెకి పాలిషెందుకండీ?" అని భార్య నిలదీసింది. డ్రైవింగు నేర్పే మాష్టారికి ఇది కొత్త సరదా. ఆమె అన్నగారి పాత చెక్క రేడియో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఈల వేస్తూ గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. చేపట్టిన మొదటి పెట్టె ఇదే. ఇది కుదిరితే చుట్టాలందరి పెట్టెలూ వస్తాయి, చెడితే జన్మంతా వెక్కిరింపులే. పాతదంతా బంగారమనే పెద్దలు ఆ దుమ్ము పీల్చి ఎరుగరు; ఈయన మాత్రం తుమ్ముతూ కూడా మురిసిపోతున్నాడు. అలవాటు కొద్దీ, లేని బ్రేకును కుడికాలు తొక్కుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. పైనున్న పల్చటి టేకు పొర ఒక మూల అరిగిపోయి, అడుగున నాసిరకం చెక్క తెల్లగా ఇకిలించింది.

"కొంప మునిగిందే!"

"జరగండి. రోజూ మొహాలే దిద్దుతాను, చెక్కో లెక్కా?" అంటూ బ్యూటీపార్లర్ నడిపే ఆ ఇల్లాలు కనుబొమల పెన్సిల్ తెచ్చింది. రంగద్దిన మూల మీద సన్నటి చారలు గీస్తుంటే ఇద్దరికీ నవ్వాగలేదు. ఆపైన వార్నిష్ పూశారు.

రెండ్రోజులకు అన్నగారొచ్చి పెట్టెను తడిమి తడిమి, సరిగ్గా ఆ మూల దగ్గరే ఆగారు. మాష్టారి కుడికాలు మళ్లీ లేని బ్రేకును తొక్కింది.

"చూశావా బావా, చెక్కంటే ఇదీ! ఇలాంటి చారలు ఈ రోజుల్లో ఏవీ?"

చెల్లెలు నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. వారం తిరక్కుండా చుట్టాల పెట్టెలు మూడు గుమ్మంలో దిగాయి. పాలిషుకి అన్నగారిస్తానన్న ఎనిమిది వందలు మాత్రం ఇంకా రాలేదు.