జాజు గుర్తు

పోచంపల్లి నుంచి పొద్దున బయలుదేరే బస్సులో ఉమారాణికి సీటు దొరికిన రోజులు తక్కువ. చౌటుప్పల్ దాటాక హైవే పక్క ఊళ్లో సర్కారు బడి. అందులో ఆమె పార్ట్ టైం డ్రాయింగ్ టీచర్. పిల్లల మనసుల్లో బాధ బొమ్మల ద్వారా బయటికి రావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రంగుల డబ్బాలు మాత్రం రాలేదు. ఉన్న ఒక్క పీరియడ్‌నూ లెక్కల సారు పట్టుకుపోయేవాడు.

"బొమ్మలే గద మేడం, రేపు గీపియ్యుండ్రి" అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియాలి. కొట్లాడీ కొట్లాడీ ఉమారాణికి ఓపిక పోయింది.

అయినా ఉద్యోగం మానలేదంటే అక్షిత వల్లే. ఏడో తరగతి పిల్ల, గొర్లు కాసేవాళ్ల ఇల్లు. వానాకాలంలో మంద హైవే దాటుతుంటే లారీ తొక్కేసింది. మంద వెంట ఉన్నది ఈ పిల్లే. ఆనాటి నుంచి నోరు విప్పలేదు. దవాఖానకు తిప్పారు, తాయెత్తు కట్టించారు. ఏమీ కాలేదు. చేతికి బంకమట్టి ఇస్తే మాత్రం కూర్చుని గొర్రెలు చేస్తుంది. ఏదో ఒక రోజు ఒక్క మాటైనా అనకపోతుందా అని ఎదురుచూసి ఉమారాణికి విసుగొచ్చింది. చిన్నపిల్ల మీద విసుగేమిటని సిగ్గూ వేసింది.

బడి చూడటానికి అధికారులు వస్తున్నారన్నారు. ముందురోజు సాయంత్రం ఆ మట్టి గొర్రెలను ఆమె బల్ల మీద పేర్చింది. ప్రతిదాని వీపు మీదా ఎర్రటి మరక. ఆమె పుట్టింది మగ్గాల ఇంట్లో. రంగులో ముంచేముందు నూలుకు వేసే కట్టు వదులై రంగు పక్క పోగులకు పాకిందంటే చీర పాడైనట్టే. అలాంటి ఇంట్లో పెరిగిన చెయ్యి మరక చూస్తే ఊరుకోదు. బ్లేడుతో గీకి, పైన తన సొంత డబ్బాలోని తెల్లరంగు పూసింది. పిల్ల పనితనం నలుగురికీ అందంగా కనబడాలనే ఆమె ఆశ.

మర్నాడు అక్షిత ఒక గొర్రెను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఇంకోటి తీసింది.

"జాజు ఏది టీచర్?"

గొంతు బొంగురుగా ఉంది. సంతోషపడాలో భయపడాలో ఉమారాణికి తెలియలేదు.

"మరక అనుకున్న బిడ్డా. గీకేసిన."

"మరక గాదు. గది ఎర్రమన్నుతోని పెట్టే మా గొర్ల గుర్తు. గది లేకుంటె ఎవలయో ఎట్ల తెలుస్తది? గా దినం కిష్టయ్య తాత మంద గూడ మా మందల కలిసిపోయింది. సడకు మీద సచ్చిపడ్డయన్ని జాజు సూస్కుంట ఏరిన. అన్ని మావే."

బయట జీపు ఆగింది. మేడం, తొందరగా రండి అని ఎవరో కేకేశారు. ఉమారాణి కదలలేదు. కింద, పిల్ల పక్కనే కూర్చుండిపోయింది.

"నాయిన ఒచ్చి, నువ్వు యాడ వోయినవే అన్నడు" అంది అక్షిత. "నేను యాడికి పోలే టీచర్. ఆడనే ఉన్న."