పోతున్నా కాదు, పోయొస్తా

ఇదొక మహాకావ్యం. ఇందులో విరహం ఉంది, అవమానం ఉంది, ఆయుధం వదిలెయ్యబోయిన వీరుడున్నాడు, అతన్ని కన్న వీరమాత ఉంది. అంతా కలిపి చూస్తే ఒక ఆరు పాటల ఆల్బమ్. వీరుడు నా దోస్తు. పాడతాడు, గిటార్ వాయిస్తాడు. ఆయుధం ఆ గిటారే. డ్రమ్స్ నేను. బ్యాండులో మూడోవాడు లేడు. చేరతామని వచ్చిన ఇద్దరూ పాటలు విని, పని గుర్తొచ్చి లేచారు.

మేం వాయించేది ఇమో రాక్. తెలియనివాళ్ళ కోసం: గిటార్ అరుస్తుంది, పాడేవాడు ఏడుస్తాడు, ఎవరో వాణ్ణి వదిలేసి ఉంటారు. మావాణ్ణి ఎవరూ వదిలెయ్యలేదు. నాంపల్లి స్టేషన్‌కి దగ్గర సందులో, రెండు గదుల ఇంట్లో అమ్మతో ఉంటాడు. నాలుగు కొట్టేసరికి ఆవిడ ఉప్మా తెచ్చి తినేదాకా ఎదురుగా నిలబడుతుంది. వాడి గొంతులోకి అంత విషాదం ఎక్కడినుంచి వచ్చిందని చాలామంది అడిగారు. నాకైతే ఉప్మా మీదే అనుమానం.

ముందు గదిలో మేం రికార్డింగ్ చేసేవాళ్ళం, వెనక గదిలో ఆవిడ మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఆల్బమ్‌లో ముఖ్యమైన పాటకి పల్లవి ఒకటే మాట: ‘పోతున్నా’. ఎక్కడికో చెప్పడు. మొదటి శ్రోత వాళ్ళమ్మే. మిషన్ ఆపి మరీ వచ్చింది.

“ఇంట్ల కూసోని పోతున్న పోతున్న అంటవేందిరా. పోయొస్త అను.”

“అమ్మా, అది ఇమో.”

“పాడెటోనివి నువ్వే ఏమో అంటే, ఇనెటోల్లకు ఏం తెలుస్తది?”

నా వైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు బిడ్డా.”

నేను ఉప్మా తింటున్నాను, అందుకని చెప్పలేదు. మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా తాత కోస్తా నుంచి సామాన్లతో పాటు ‘వెళ్ళొస్తా’ని తెచ్చుకున్నాడు, ఉత్తినే ‘పోతున్నా’ అంటే ఇప్పటికీ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మళ్ళీ పంపుతారు. మాట వేరు, తిట్లు ఒకటే.

ఆల్బమ్ నెట్‌లో పెట్టాం. అభిప్రాయాలు వచ్చాయి. మావాడి బావ మెట్రోలో విని, ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయనుకుని కొత్తవి కొన్నాడు. మా నాన్న కళ్ళు మూసుకుని ఆరు పాటలూ విన్నారు. “మాటలు స్పష్టంగా వినబడుతున్నాయిరా,” అన్నారు. “అదే ఇబ్బంది.” ముక్కూ మొహం తెలియని ఒకాయన మాత్రం మూడో పాటలో డ్రమ్స్ అద్భుతమని రాశాడు. మూడో పాటలో డ్రమ్స్ లేవు. అది వెనక గదిలో కుట్టుమిషన్.

మావాడికి ఇవేవీ పట్టలేదు. ఊళ్ళో బ్యాండుల గురించి నెట్‌లో రాసే ఒకామె ఉంది. ఆమెని ఎవరూ చూడలేదు, అందరూ భయపడతారు. “ఆమె మంచిగుందంటే ఇంకో ఆల్బమ్ చేద్దాం. లేదంటే గిటార్ అమ్మేస్త, మల్ల పాడ,” అన్నాడు. నేను నవ్వాను గానీ లోపల గుబులే. పాడేవాడుంటే నన్ను డ్రమ్మర్ అంటారు. లేకపోతే పక్కింటివాళ్ళు ఇంకో పేరుతో పిలుస్తారు.

శనివారం సాయంత్రం ఆమె రాసింది. చివరి వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు: “పోతున్నానని ఇరవై మూడుసార్లు చెప్పాడు, ఇరవై నాలుగోసారికి లేచి నేనే తలుపు తీశాను.”

నాకు నచ్చింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వాడు గిటార్ భుజానికేసుకుని గడప మీద ఉన్నాడు. అబిడ్స్‌లో వాయిద్యాల షాపుంది, అక్కడ అమ్మేస్తాడట. లోపలికి చూసి, ఆల్బమ్‌లో లేనంత ఏడుపు గొంతుతో అన్నాడు: “పోతున్నమ్మా.”

మిషన్ ఆగింది.

“గడప మీద నిలవడి గట్ల అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలెరా? పోయొస్త అను. అనేదాంక కదలకు.”

“పోయొస్త.”

“జర గట్టిగ. ఇంట్లకు ఇనవడ్తలేదు.”

“పోయొస్తా.”

ఈసారి అరిచాడు. నా వేళ్ళు అలవాటు కొద్దీ తలుపు మీద తాళం వేశాయి. మాట సరిగ్గా తాళంలో పడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏమీ జరగనట్టు మెట్లు దిగాం. విషాదంలో ఉన్నవాడు వెంటనే సంతోషపడితే బాగుండదు.

నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచినంతసేపూ వాడు అదే కూనిరాగం తీశాడు. తీరా చూస్తే షాపుకి తాళం. ఆదివారం. ఈ ఊళ్ళో పుట్టినవాడు ఎవడైనా అబిడ్స్‌కి ఆదివారం పాత పుస్తకాలకే వస్తాడు; షాపులన్నీ మూస్తారు కాబట్టే వాటి ముందు పుస్తకాలు పరుస్తారు. ఏడుస్తూ బయల్దేరినవాడికి వారాలు గుర్తుండవు. నవ్వుతూ వెంట వచ్చినవాడికి గుర్తుండకపోవడానికి కారణం వెతుకుతున్నాను.

షట్టర్‌కి ఆనుకుని ఎంట్రెన్స్ గైడ్ల వెనక కూర్చున్న పెద్దాయన అడిగాడు: “ఏం గావాలె తమ్మీ?”

“గీ షాపుల గిటార్ అమ్మాలె.”

“ఇయ్యాల ఐతారం గద. వాళ్ళు తెరిస్తె నేనేడ కూసోవాలె?” గిటార్ వంక చూశాడు. “అమ్మెటోనివి, మోగుతదో లేదో సూపియ్యవా?”

వాడు అక్కడే తీసి పల్లవి పాడాడు. ఇరవై మూడుసార్లు కాదు, నాలుగే. ‘పోయొస్తా’ అని. నేను ఒక కెమిస్ట్రీ గైడ్ మీద తాళం వేశాను. పెద్దాయన అంతా విని, చాలా మామూలుగా అడిగాడు:

“మల్ల ఎప్పుడొస్తవ్?”

మా పాట విని ఎప్పుడు ఆపుతారని అడిగినవాళ్ళున్నారు. ఎప్పుడొస్తావని అడిగినవాడు ఈయనొక్కడే. మావాడు గిటార్ సంచిలో పెట్టేశాడు. ఆ కెమిస్ట్రీ గైడ్ మాత్రం నేను కొనాల్సి వచ్చింది, అట్ట వంగింది.

ఆ వారమే పల్లవి మార్చి మళ్ళీ రికార్డ్ చేశాం, ‘మల్ల ఎప్పుడొస్తవ్’ చరణంలోకి ఎక్కింది. వాళ్ళమ్మ మిషన్ ఆపకుండానే విని, “గిప్పుడు మంచిగుంది,” అంది. ఆ విమర్శకురాలు తన రాతకింద ఒక్క వాక్యం చేర్చింది: “ఇతను తిరిగొస్తాడని తెలిసింది. తలుపు వేసుకోలేదు.” మావాడు దాన్ని పొగడ్త కింద తీసుకున్నాడు. ఇప్పుడు రెండో ఆల్బమ్ నడుస్తోంది.

ఎవరైనా అడిగితే ఆ రోజు తనని తల్లి మాట నిలబెట్టిందని చెబుతాడు. బాగా చెబుతాడు, వినేవాళ్ళ కళ్ళు తడుస్తాయి. నేను మధ్యలో మాట్లాడను. కాకపోతే ఆ సోమవారం ఆ షాపుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. వాళ్ళు పాత గిటార్లు కొనరు.